కెటిలు మీద నీలిచుక్క

ఆ డ్రాయింగు గదిలో ఆవిడను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. కొలతలమ్మ అంటే చాలు, తలెత్తుతుంది. మూతను ఒకసారి చూసి అది ఏ గిన్నెకు పడుతుందో, ఏ గిన్నెకు పడదో చెప్పేస్తుంది. కూర్చున్న కుర్చీ కాలు వెంట్రుకవాసి పొట్టిగా ఉన్నా ఆవిడకు తెలిసిపోతుంది. తెలిశాక ఊరుకుంటుందా? అట్టముక్క మడిచి కాలికింద దోపేదాకా పని ముట్టుకోదు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం అంటారు చూడండి, ఆవిడైతే పేగుల పొడవు కూడా కొలిచి రాసిపెడుతుంది.

అంతటి మనిషి ఒక చిన్న చుక్కను చూసి బోల్తా పడింది. ఆ ముచ్చటే ఇది.

అది వంటింటి సామాను చేసే కార్ఖానా. కెటిళ్ళు, కూజాలు, వాటి మూతలు, పిడులు, అన్నీ ముందు ఆ డ్రాయింగు గదిలోనే పుడతాయి. అక్కడ గీసినదాన్ని బట్టి కింద ఉక్కుదిమ్మలో అచ్చు కోస్తారు. కాగితం మీద తప్పు దొర్లితే రబ్బరు ఉంది. ఉక్కులో దొర్లితే నెత్తిన చేతులు పెట్టుకోవడమే ఉంది. అందుకే గదిలో కిటికీ పక్కన, గీతల్లో తప్పులు పట్టే చెకర్‌కని కుర్చీ ఒకటి వేశారు. ఏ గీతయినా ఆ కుర్చీ ముందు నిలబడి, సంతకం వేయించుకుని కిందికి దిగాలి.

ఆ కుర్చీలో చాలా ఏళ్ళు కూర్చున్నది కొలతలమ్మ మామగారే. అప్పటికి ఇంకా మామగారు కారు, వట్టి సారు. ఆయన పద్ధతి ఆయనది. తప్పున్న చోట నీలి పెన్సిలుతో ఒక చుక్క పెట్టి కాగితం వెనక్కి పంపేవారు. తప్పేమిటో రాయరు, చెప్పరు. కొలత తప్పా, గీత తప్పా, అసలు ఆలోచనే తప్పా, అది గీసినవాళ్ళు వెతుక్కోవాలి. ధైర్యం చేసి అడిగితే "ఏ చుక్క?" అన్నట్టు చూసేవారు. తప్పులన్నీ తీరాక కాగితాన్ని ఇనప బీరువాలో పెట్టి తాళం వేసేవారు. ఆ తాళం చప్పుడే మెప్పు. అంతకు మించిన మెచ్చుకోలు ఆ గది ఎరగదు.

కొలతలమ్మ కొత్తగా చేరిన రోజుల్లో ఆ చుక్కలకు ఏడ్చింది, తర్వాత తిట్టుకుంది, ఆ తర్వాత నేర్చుకుంది. ఒక్క చుక్క మాత్రం ఆవిడకు లొంగలేదు. పెళ్ళికి ముందు ఒక పాలకూజా గీసి ఇస్తే, పిడి వంపు పక్కన చుక్కతో తిరిగొచ్చింది. అదైనా గట్టిగా పెట్టిన చుక్క కాదు, పెన్సిలు తగిలీ తగలనట్టు పాలిపోయి ఉంది. ఒత్తి పెట్టడానికి కూడా ఓపిక లేనంత ఘోరమైన తప్పు కాబోలు అనుకుంది పిల్ల. కొలిచింది, మళ్ళీ కొలిచింది, కళ్ళు కాయలు కాచేలా వెతికింది. ఏమీ దొరక్క, ఏదో ఒకటి చేయాలి కదా అని, ఆ వంపును కాస్త సాపు చేసి ఇచ్చింది. బీరువాకు తాళం పడింది. తప్పేమిటో మాత్రం తెలియలేదు. తర్వాత ఆయన కొడుకునే పెళ్ళి చేసుకుంది. "మా నాన్న చుక్కలు భరించినదానివి, నా గురక నీకో లెక్కా?" అని పెళ్ళికి ముందే అడిగాడట అతను. గురకకు అలవాటు పడింది గానీ, ఆ పాలిపోయిన చుక్క మాత్రం ఆవిడ లోపల ముల్లులా ఉండిపోయింది.

పెద్దాయన రిటైరయ్యారు, పెన్సిలు రిటైర్ కాలేదు. ఇప్పటికీ చొక్కా జేబులోనే ఉంటుంది. గోడ మీద చుక్క కనబడితే అక్కడ సున్నం పెచ్చు ఊడబోతోందని అర్థం. చొక్కా మీద కనబడితే గుండీ వదులైందని. ఇక కార్ఖానాలో చెకర్ కుర్చీ ఖాళీ. యజమానే తోచినట్టు సంతకాలు గిలికి నెట్టుకొస్తున్నాడు.

ఒక సోమవారం పొద్దున యజమాని గదిలోకి వచ్చి, కొలతలమ్మ బల్ల మీద ఒక డబ్బా పెట్టాడు. ఆవిడ కుడి మణికట్టు నొప్పి పెడుతోందని చాన్నాళ్ళుగా చెబుతోంది. దాని కోసం తెప్పించిన కొత్తరకం మౌసు అది. నున్నగా, నల్లగా, మెడ లేని పుట్టగొడుగులా ఉంది. ఎడమచేత్తో దాన్ని పట్టుకుని అటూ ఇటూ వంచితే, తిప్పితే, పైకి లాగితే, తెర మీద బొమ్మ కూడా అలాగే వంగుతుంది, తిరుగుతుంది, పైకి లేస్తుంది. కుడిచేయి నిమ్మళంగా గీసుకోవచ్చు.

"అమ్మా, ఈ కొత్త కెటిలు మీదే. శుక్రవారం అచ్చుకు వెళ్ళాలి" అన్నాడు యజమాని. "ఇది సాఫీగా అయిందా, కిటికీ పక్క కుర్చీ మీకే. లేదంటే బయటినుంచి ఎవర్నో తెచ్చుకుంటాను, నాకిక ఈ సంతకాల గోల పడదు. అన్నట్టు, మీ మావయ్యగారిని కూడా ఓ మాట అడుగుతా. ఇప్పుడంతా కంప్యూటర్లే కదా, ఎక్కణ్ణుంచైనా చూడొచ్చు."

ఆయన ఆ చివరి మాట ఊరికే అన్నాడు. కొలతలమ్మ ఊరికే వినలేదు.

కెటిలు అప్పటికే చాలావరకు తయారైంది. పొట్ట గుండ్రంగా, ముక్కు పొడుగ్గా, పిడి చేతిలో ఒదిగేలా ఉంది. మిగిలిన పని ఆ మధ్యాహ్నానికి పూర్తిచేసి, ఒక నకలు పక్కన దాచి, అన్ని వైపులా చూద్దామని మొదటిసారి పుట్టగొడుగు మీద చేయి వేసింది. వేయగానే కెటిలు మీద నీలిచుక్క.

ముందు మరక అనుకుని రుమాలుతో తెర తుడిచింది. పోలేదు. పక్కబల్ల కుర్రాణ్ణి పిలిచింది. అతనికి గదిలో తొందర అని పేరు. అన్నం ముందు చేయి కడగడం కూడా సగంలో వదిలేసే మనిషి.

"తమ్ముడూ, ఇదిగో చూడు, ఈ చుక్కేంటి?" అని పుట్టగొడుగు వదిలి వేలు పెట్టి చూపించింది.

"ఏ చుక్క అక్కా?" అన్నాడు తొందర.

నిజమే, చుక్క లేదు. అతను వెళ్ళాక మళ్ళీ చేయి వేసింది. ఉంది. మళ్ళీ పిలిచింది, చూపించడానికి చేయి తీసింది. లేదు. తొందర ఆవిడ మొహంలోకి జాలిగా చూసి, "మణికట్టే కాదక్కా, కళ్ళు కూడా ఓసారి చూపించుకో" అని వెళ్ళిపోయాడు.

అప్పుడు ఆవిడకు తట్టింది. నీలిచుక్క. ఒక్క మాట లేని చుక్క. అడిగితే "ఏ చుక్క?" అనిపించే చుక్క. లోకంలో అలాంటి చుక్కలు పెట్టేవాడు ఒక్కడే ఉన్నాడు, ఆ ఒక్కడూ ఇంట్లో పడకకుర్చీలో కూర్చుని, మనవరాలు కొనిచ్చిన టాబ్లెట్‌ను పొద్దస్తమానం వేలితో పొడుస్తూ ఉంటాడు! యజమాని చెప్పనే చెప్పాడు, ఎక్కణ్ణుంచైనా చూడొచ్చని.

చుక్క ఉన్నది పిడి అతుకు దగ్గర. అతుకును పరీక్షించింది. తప్పేమీ లేదు. లేదంటే ఒప్పుకుంటుందా? పాలకూజా నాటి పాఠం ఒంటబట్టిన మనిషి. అతుకును లావు చేసింది. బొమ్మను దగ్గరకు లాగి ముక్కును చూస్తే చుక్క ముక్కు మీదికి వచ్చింది. సరే, ముక్కును కురచ చేసింది. అడుగు భాగం చూస్తే చుక్క అడుక్కి దిగింది. అడుగును వెడల్పు చేసింది. తను ఎటు చూస్తే చుక్క అటే వస్తోంది. ఇక్కడే ఎవరికైనా బుర్రలో దీపం వెలగాలి. ఆవిడకు వెలగలేదు. వెంటాడి మరీ తప్పులు పడుతున్నాడు ముసలాయన అని పళ్ళు నూరుకుంది.

సాయంత్రం ఇంటికి వెళ్ళి, టీ కప్పును మామగారి ముందు ఠక్కున పెట్టింది.

"పిడి అతుకు లావు చేశాను" అంది.

"ఏ పిడి?" అన్నారాయన టాబ్లెట్‌లోంచి తల ఎత్తకుండా.

"ముక్కు కూడా కురచ చేశాను."

"ఎవరి ముక్కు?"

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. పాతికేళ్ళుగా చూస్తున్న మొహమే కదా అది. తెలిసి నటిస్తున్నప్పుడూ అదే మొహం, నిజంగా తెలియనప్పుడూ అదే మొహం. దేవుడు ఆయనకు రెండో మొహం ఇవ్వలేదు.

మంగళవారం అంతా దిద్దుళ్ళే. బుధవారం మధ్యాహ్నానికి కెటిలు పొట్ట సొట్టపడి, ముక్కు ముడుచుకుని, పిడి ఉబ్బి, వినాయకుణ్ణి చేయబోతే కోతి అయినట్టు తయారైంది. చుక్క మాత్రం చెక్కుచెదరలేదు. విసుగెత్తి పుట్టగొడుగును ఇటు జరపబోతే, దాని పక్కనున్న మీట ఏదో నొక్కుకుంది. తెర మీద చిన్న తాళంకప్ప బొమ్మ మెరిసింది. చుక్క మాయమైంది. కెటిలు పక్కకు జరుగుతోంది గానీ తిరగడం మానేసింది.

తాళం! కొలతలమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ గదిలో తాళానికి ఒకటే అర్థం. పాసైంది. పాసైన బొమ్మను ఇక ఎవరూ కదపకూడదు కాబట్టి తిరగడం కూడా ఆపేశారు, ఎంత పద్ధతి! అప్పటికప్పుడు బిస్కెట్లు తెప్పించి గదంతా పంచింది. తొందర రెండు తీసుకుని, కెటిలు వంక చూసి, ఏదో అనబోయి, బిస్కెట్టు నోట్లో పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం టీ కప్పు చప్పుడు లేకుండా దిగింది. పక్కన పళ్ళెంలో బిస్కెట్లు కూడా ఉన్నాయి.

"మొత్తానికి పాస్ చేశారు. చాలా సంతోషం మావయ్యగారూ."

"నేనా? ఏం పాస్ చేశాను?" అన్నారాయన. అని, బిస్కెట్లు వస్తున్నప్పుడు ఎక్కువ ఆరాలు తీయడం తెలివితక్కువ అనుకున్నారో ఏమో, ఒకటి అందుకుని ఊరుకున్నారు.

గురువారం పొద్దున తొందర ఆవిడ బల్ల దగ్గరకు వచ్చి, "అక్కా, నన్నూ ఓసారి పట్టుకోనీ" అని పుట్టగొడుగును దొరకబుచ్చుకున్నాడు. అతని చేతిలో ఏ వస్తువూ మీట నొక్కించుకోకుండా బయటపడదు. తాళం బొమ్మ పోయింది. కెటిలు గిర్రున తిరిగింది. పొట్ట నడిమధ్య నీలిచుక్క.

"ఇదా అక్కా నువ్వన్న చుక్క!" అన్నాడతను సంబరంగా.

కొలతలమ్మకు మాత్రం సంబరం లేదు. పాస్ చేసి వెనక్కి తీసుకోవడమా? ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఆయన కూడా చేయని పని! రేపు శుక్రవారం. ఈ కోతి కెటిలును పంపితే కుర్చీ పోతుంది, పంపకపోతే కుర్చీ పోతుంది. పని ముగిసే వేళకు ఆఫీసు లాప్‌టాప్‌లోకి బొమ్మ ఎక్కించుకుని, పుట్టగొడుగును సంచిలో వేసుకుని, అంగలు వేస్తూ ఇంటికి వెళ్ళింది.

మామగారు పడకకుర్చీలో యథాప్రకారం టాబ్లెట్‌ను పొడుస్తున్నారు. ఆవిడ భోజనాల బల్ల మీద లాప్‌టాప్ తెరిచింది.

"మావయ్యగారూ, ఇటు రండి. ఈసారి నోటితో చెప్పండి. ఇందులో తప్పేంటి?"

ఆయన కళ్ళజోడు సవరించుకుంటూ వచ్చి చూశారు. చాలాసేపు చూశారు.

"ఏంటమ్మాయ్ ఇది? దీన్ని ఎవరైనా కొట్టారా?"

"మీరే! మీ చుక్కలే! పిడి మీద పెట్టారు, ముక్కు మీద పెట్టారు, అడుగున పెట్టారు. నిన్న తాళం వేసి ఇవాళ తీశారు. ఆ టాబ్లెట్‌లో పొద్దుననగా పొడిచేది ఇవి కాదూ?"

ఆయన నోరు తెరిచి, తన టాబ్లెట్‌ను ఆవిడ ముందు పెట్టారు. దాని నిండా రంగురంగుల గోళీలు. పొడిస్తే పేలుతున్నాయి. "నీలివే ఎక్కువ పేలతాయి" అన్నారు కాస్త సిగ్గుపడుతూ.

"అయితే ఈ చుక్క?" అని పుట్టగొడుగును ఆయన చేతికింద పెట్టింది. ఆయన చేయి తగలగానే చుక్క ప్రత్యక్షమైంది. "అదిగో! ఇంకా కాదంటారా?"

పెద్దాయన ఉలిక్కిపడి చేయి తీశారు. పోయింది. వేశారు. వచ్చింది. ఇక ఆయనకు కోడలు గుర్తులేదు. పుట్టగొడుగును నెమ్మదిగా మెలితిప్పారు. ముక్కు తిరిగి వెనక్కి వెళ్ళింది, పిడి ముందుకు వచ్చింది, అడుగు పైకి లేచింది. చుక్క ఉన్నచోటే ఉంది. ఇంకోసారి తిప్పారు. ఉన్నచోటే ఉంది. అప్పుడు బల్ల మీది పేపరు దగ్గరకు లాక్కుని, జేబులోంచి పెన్సిలు తీసి, మొనను పేపరు మీద ఆనించి, రెండో చేత్తో పేపరును గుండ్రంగా తిప్పారు.

"ఇదీ నీ చుక్క. ఏదైనా తిరగాలంటే ఒకచోట నిలబడాలి కదా, నువ్వు దేన్ని దగ్గరగా చూస్తే అక్కడ ఆ నిలబడ్డ చోటు చూపిస్తోంది. ఇది తప్పు కాదే పిచ్చిదానా, ఇరుసు! తాళం వేస్తే తిరగడం ఆగిందంటే, ఆ తాళం తిరగడానికి వేసిందే."

"మీకెలా తెలుసు?"

"నేను చేసేదీ ఇదేగా. నా మెడ తిరగదు. చిన్నప్పట్నించీ పట్టేసి ఉంటుంది. బొమ్మను అన్ని వైపులా చూడాలంటే పెన్సిలు ఆనించి కాగితాన్నే తిప్పుకునేవాణ్ణి."

ఆయన పెన్సిలు తీశారు. పేపరు మీద చుక్క మిగిలింది. తగిలీ తగలనట్టు, పాలిపోయిన చుక్క.

కొలతలమ్మ దాన్ని చూస్తూ నిలబడిపోయింది. 

"మావయ్యగారూ, ఆ పాలకూజా..."

"ఏ పాలకూజా?"

"ఆ మొహం పెట్టకండి! నా పెళ్ళికి ముందుది. పిడి వంపు పక్కన చుక్క పెట్టారు. ఇలాంటిదే, పాలిపోయింది."

ఆయన మొహం ఈసారి మారింది. ఉన్న ఒక్క మొహంలోంచే ఇంకొకటి బయటికి వచ్చింది.

"అదా! తప్పుకైతే ఒత్తి పెడతాను. అది ఒత్తలేదే. ఆ వంపు ఎంత బాగా కుదిరిందనుకున్నావ్! తిప్పితిప్పి చూశాను. నువ్వూ ఓసారి చూసుకుంటావనే తిరిగి పంపాను. ఆ రోజు ఇంటికొచ్చి మీ అత్తయ్యకు కూడా చెప్పాను, ఆ పిల్ల చేయి మంచిదని."

"నాకు చెప్పలేదేం?"

"చెబితే చేయి పాడవుతుందేమోనని భయపడ్డాను."

"నేను ఆ వంపు సాపు చేసేసి ఇచ్చాను. మీరు తప్పు పట్టారనుకుని."

"చూశాను. మొదటిదే బాగుండేది. ఎందుకు మార్చావా అని నేనూ ఇన్నేళ్ళుగా అనుకుంటూనే ఉన్నాను."

"అడగొచ్చు కదా!"

"అడిగే అలవాటు లేదు కదమ్మాయ్."

ఆవిడకు నవ్వు వచ్చింది. నవ్వు సగంలో ఏడుపు వచ్చింది. అన్నేళ్ళూ తను చాలదనుకున్న చోటే ఆయన మురిసిపోయారు, ఆ మురిపెం ఒక్క మాట రూపంలోనైనా గది దాటి తన బల్ల దగ్గరకు రాలేదు. ఆయన మీద కోపమూ వచ్చింది, ప్రేమా వచ్చింది, రెండూ ఒకేసారి వస్తే ఏం చేయాలో తెలియక వెళ్ళి మొహం కడుక్కుని వచ్చింది.

వచ్చి, సోమవారం దాచిపెట్టిన నకలు తెరిచింది. ఎవరూ కొట్టని కెటిలు. పొడుగు ముక్కు, గుండ్రటి పొట్ట. పెద్దాయన పుట్టగొడుగు పట్టుకుని తిప్పారు. తిప్పుతూనే ఉన్నారు. నీలిచుక్క చుట్టూ కెటిలు హాయిగా తిరుగుతోంది.

"దీన్నే పంపు" అన్నారు చివరికి.

"ఇంకో మాట ఉండాలి."

"ఏ మాట?"

"మావయ్యగారూ!"

ఆయన గొంతు సవరించుకున్నారు, పెన్సిలును జేబులో పెట్టుకుని మళ్ళీ తీశారు, కిటికీ వైపు చూశారు. "బాగుంది" అన్నారు. అని, పెద్ద బరువు దింపినవాడిలా కుర్చీలో కూలబడి గోళీలు పేల్చుకోసాగారు.

శుక్రవారం సోమవారపు కెటిలే అచ్చుకు వెళ్ళింది. కొద్ది రోజులకు మొదటి కెటిలు తయారై వస్తే, యజమాని స్వయంగా దాంట్లో నీళ్ళు పోసి వంచి చూశాడు. ముక్కునుంచి ధార చక్కగా పడింది, బల్ల మీద ఒక్క బొట్టు కారలేదు.

"కుర్చీ మీదేనమ్మా" అన్నాడు. "కానీ ఒక్కటే అర్థం కాలేదు. మీ మావయ్యగారికి ఫోన్ చేసి కెటిలు ఎలా ఉందండీ అని అడిగితే, 'తిప్పితిప్పి చూశాను' అన్నారు. అదేం సమాధానం? మీకేమైనా అర్థమైందా?"

"అయిందండి" అని కొలతలమ్మ వెళ్ళి కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. వెంటనే లేచి, ఎడమ కాలికింద అట్టముక్క దోపి, మళ్ళీ కూర్చుంది.

ఆ కుర్చీ ముందుకు మొదట వచ్చిన కాగితం తొందరదే. ఒక చిన్న మూత, పైన పట్టుకోవడానికి బుడిపె. అతని జన్మలో మొదటిసారి ఏదీ సగంలో వదలకుండా గీశాడు. ఆవిడ నీలి పెన్సిలు మొన ఆనించి కాగితాన్ని ఒకసారి తిప్పింది, ఇంకోసారి తిప్పింది, తిరిగి ఇచ్చేసింది. తొందర దాని మీది నీలిచుక్కను చూశాడు. మొహం వాడిపోయింది. కొలబద్ద తీసుకుని, తల వంచుకుని, వెతకడం మొదలుపెట్టాడు.

"వెతక్కు తమ్ముడూ. తప్పేం లేదు" అంది కొలతలమ్మ, గదంతా వినబడేలా. "బాగుంటే తిప్పి చూశాను."